అవతారిక లేని ప్రశంస: సామాజిక మాధ్యమ ప్రచారములపై ఒక పరిశీలన

బళ్లారి పట్టణమునందలి తెలుగు కుటుంబములలో ఇంట మాటాడు భాష ఒకటి, బడిలో చదువు భాష వేఱొకటి, అంగడి పలకపై వ్రాసిన భాష కొన్నిచోట్ల మఱియొకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు పాత బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారితోకూడ తక్కినవి మైసూరునకును చెందెను. ఇది యెల్లరు నెఱిగిన చరిత్రము. దానిని మరల త్రవ్వుట ఈ వ్యాసమునకు పనిగాదు. కాని గడచిన పదియేండ్లలో చేతిఫోనుద్వారా ఈ యిండ్లలోనికి ప్రవేశించిన ప్రచారసాహిత్యమును విమర్శింపబూనినవారు ఈ భాషాస్థితిని మఱచినచో వారి తీర్పు సగమే యగును. ఆ కారణము వ్యాసము చివర తేటపడగలదు.

ప్రచారసాహిత్యమనగా ఇచట ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము, యూట్యూబు, వాట్సాపు మొదలగు సామాజిక మాధ్యమములలో కనబడు పోస్టులని గ్రహింపవలెను. ఒక చిత్రము, దానిక్రింద నాలుగు పంక్తులు. లేదా ఒక్క నిమిషపు వీడియో. ఒకరు తలనూనెను మెచ్చుకొందురు, ఒకరు ఇంటిస్థలమును, మఱియొకరు శిక్షణకేంద్రమును. వీనిలో ఏది కేవల ప్రశంస, ఏది చదువరిని వంచించునది అను ప్రశ్నకు సాధారణముగా రెండు సమాధానములు వినబడుచున్నవి. ‘అన్నియు అబద్ధములే’ అనునది మొదటిది. ‘వ్యాపారమన్న తరువాత అట్లే యుండును’ అనునది రెండవది. రెండును విమర్శనుండి తప్పించుకొను మార్గములే. అన్నింటిని నిందించువాడును, అన్నింటిని క్షమించువాడును పోస్టును చదువుట లేదు.

ఈ విషయమున తెలుగు నుడికారము మనకు తొలిసాయము చేయుచున్నది. ‘ముగ్గులోనికి దించుట’, ‘బుట్టలో వేసికొనుట’, ‘మరులుకొల్పుట’ అను పలుకుబడులను గమనింపుడు. వీనిలో దేనికిని ‘అబద్ధమాడుట’ అని యర్థము లేదు. ముగ్గులోనికి దిగువాడు తన కాళ్లతో తానే దిగును. ఎవరును వానిని త్రోయలేదు. కన్నడమున ‘మరుళు’ అనగా భ్రమ, వెఱ్ఱి. తెలుగున ‘మరులు’ అనగా వలపు. ఒకే ద్రావిడధాతువునుండి పుట్టిన మాట సరిహద్దునకు ఈవల వెఱ్ఱియై, ఆవల వలపై నిలిచినది. ప్రచారలేఖనము చేయుపని ఈ రెంటికి నడుమనున్నది. అసత్యము లేకయు వంచన జరుగగలదని మన భాష మనకు ముందే చెప్పియున్నది. కావున ‘ఈ పోస్టులోని మాట నిజమా?’ అను ప్రశ్న ఒక్కటే చాలదు.

ఇటీవలి యొక వ్యవహారము ఈ ప్రశ్నను తెలుగువారి ప్రతియింటికి తెచ్చినది. 2025 మార్చి నెలలో హైదరాబాదునందలి పంజాగుట్ట, మియాపూరు ఠాణాలలో బెట్టింగు యాపులకు ప్రచారము చేసిరని పలువురు యూట్యూబరులపైనను, ప్రసిద్ధ నటీనటులపైనను కేసులు నమోదయ్యెను. తెలంగాణ ప్రభుత్వము ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమించెను. అందు కొందఱు తాము చట్టసమ్మతమైన నైపుణ్యక్రీడలకే ప్రచారము చేసితిమని వివరణ యిచ్చిరి. అదే సంవత్సరము ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ క్రీడల చట్టమును ఆమోదించెను. 22వ తేదీన రాష్ట్రపతి సమ్మతి లభించెను. ధనము పణముగా ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆట నైపుణ్యమైనను, అదృష్టమైనను ఆ చట్టము దృష్టిలో ఒక్కటే. దానికి ప్రకటన చేసినవారికి రెండేండ్లవఱకు ఖైదు, 50 లక్షల రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును.

న్యాయస్థానములు తేల్చవలసినదానిని అవి తేల్చును. సాహిత్యవిమర్శకునకు ఇందు పట్టవలసిన అంశము వేఱు. ఆ పోస్టులు చట్టము రాకముందును అవే మాటలతో నుండెను. ఆటను నిషేధించుటచే పోస్టు దుష్టమైనదా, లేక పోస్టులోనే దోషము మొదటినుండి యున్నదా? మొదటిదే నిజమైనచో, నిషేధము లేని వస్తువులనుగూర్చిన పోస్టులన్నియు నిర్దోషములు కావలసివచ్చును. నూనె అమ్ముట నేరము కాదు, ఇంటిస్థలము అమ్ముట నేరము కాదు. కాని వానినిగూర్చిన పోస్టులు చదువునపుడును అదే ముగ్గు కనబడుచున్నది. దోషము వస్తువున గాక రచనలో నున్నదని చెప్పుటకు ఇదియే ఆధారము.

ఆ దోషము అతిశయోక్తియా? చాలమంది ఇచటనే పొరబడుదురు. ‘ప్రపంచములోనే మేలైనది’ అని వ్రాసినవానిని అబద్ధీకుడందురు. మనుచరిత్రమునందలి అరుణాస్పదపుర వర్ణనమును చదివినవారెవ్వరును ఆ కోటలు అంత యెత్తున నుండెనా యని కొలతబద్ద పట్టుకొని బయలుదేరలేదు. అతిశయోక్తి అలంకారమని వ్రాసినవానికి తెలియును, చదువువానికిని తెలియును. ఇరువురకును తెలిసిన అబద్ధము అబద్ధము కాదు. బళ్లారి జీన్సు దేశమున పేరుపొందిన వస్తువు. ఇచటి యొక జీన్సు తయారీదారుడు తన దుకాణము పేరుతో, ‘మా ప్యాంటు తొడిగినవాడు ఊరికి రాజు’ అని పోస్టు పెట్టెననుకొందము. ఆ మాట ఎవనిదో, ఎందుకు చెప్పుచున్నాడో, ఎంత తగ్గించి వినవలెనో కొనువానికి తెలియును. సంతలో కూరగాయలమ్మువారి కేక వంటిది అది. దానిని వంచన యనుట విమర్శకుని చాదస్తమే యగును.

కనుక దోషమును వర్ణనలో గాక, వక్తయొక్క స్థానములో వెదకవలెను. ప్రశంసకు ప్రతిఫలము పొందుట మన సాహిత్యమునకు క్రొత్తగాదు. నిజము చెప్పవలసివచ్చినచో మన ప్రబంధసాహిత్యములో పెద్దభాగము ప్రతిఫలము పుచ్చుకొని వ్రాసినదే. కాని ఆ కవులు ఒక మర్యాదను పాటించిరి. కావ్యము వాకిటనే అవతారికను నిలిపిరి. కృతిపతి యెవడు, అతని వంశమేది, కవిని ఏమని కోరెను, ఎట్లు గౌరవించెను అనునది కథ ఆరంభింపకమునుపే చెప్పిరి. షష్ఠ్యంతములలో మరల చెప్పిరి. శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టి కంకితమిచ్చెను. కర్పూరాది సుగంధద్రవ్యములను దీవులనుండి తెప్పించి వ్యాపారము చేసిన వర్తకుడతడు. ఆ వర్తకుని సరకుల ప్రస్తావన అవతారికలోనే కలదు. నేటి భాషలో చెప్పవలెనన్నచో ఒక వ్యాపారసంస్థ ప్రాయోజకత్వమున వెలువడిన కావ్యమది. అయినను దానిని చదివి మోసపోతినని వాపోయినవాడు లేడు. ఎవరి సొమ్ము తిని కవి ఎవరిని మెచ్చుకొనుచున్నాడో గడపవద్దనే చెప్పబడినది.

ఇంతకంటెను విచిత్రమైన దృష్టాంతము విద్యానాథుని ప్రతాపరుద్రీయము. ఓరుగల్లు కాకతీయుల కొలువున పుట్టిన ఆ అలంకారశాస్త్రమున లక్షణములకు లక్ష్యములుగా ఇచ్చిన శ్లోకములు ప్రతాపరుద్రుని స్తోత్రములే. విద్యార్థి ఉపమ నేర్చుకొన్నను రాజప్రశంసయే, రసము నేర్చుకొన్నను రాజప్రశంసయే. పాఠ్యపుస్తకములో ఇంత ప్రచారమును చొప్పించినవారు నేటి విద్యావ్యాపారులలోను అరుదు! కాని ఆ గ్రంథమునకు ప్రతాపరుద్ర యశోభూషణమను పేరే ఉన్నది. గ్రంథము పేరే అవతారిక యైనది. ఇక చదువరికి దాపరికమెక్కడిది?

ఈ విద్యానాథుడే మమ్మటాదులను అనుసరించి ఉపదేశమును మూడు విధములుగా విభజించెను. వేదము ప్రభువువలె శాసించును; పురాణము మిత్రునివలె బోధించును; కావ్యము కాంతవలె మనసు కరగించి ఒప్పించును. మూడును చేయదగిన పనులే. కాని ఈ విభాగములో పైకి చెప్పని ఒక నియమము దాగియున్నది. ప్రభువువలె మాటాడువాడు ప్రభువై యుండవలెను. మిత్రునివలె మాటాడువానికి మన మేలుతప్ప వేఱు ప్రయోజనము ఉండరాదు. సొమ్ము పుచ్చుకొనినవాడు మిత్రుని గొంతుతో మాటాడినచో ఆ ఉపదేశము మూడింటిలో దేనిక్రిందికి వచ్చును? ప్రాచీనులు దీనికి పేరు పెట్టలేదు. మన కాలము ‘ఇన్‌ఫ్లుయెన్సర్’ అని పేరు పెట్టినది.

బళ్లారివారికి ఈ భేదమును చూపుటకు దూరపు దృష్టాంతము అక్కఱలేదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు ఆంధ్రనాటకమునకు ప్రాణముపోసిన ఈ యూరనే బళ్లారి రాఘవ (1880–1946) జీవించెను. ఆయన మహానటుడు, వృత్తిచే న్యాయవాది. పగలు కోర్టులో కక్షిదారుని పక్షమున వాదించెను. రాత్రి రంగస్థలముపై మఱియొకని దుఃఖమును తన దుఃఖముగా చూపెను. రెండుచోట్లను ఆయన మాట ఆయన సొంతమాట కాదు. కాని కోర్టులో వకాల్తానామా దాఖలై యున్నది. ఎవరి తరపున మాటాడుచున్నాడో న్యాయాధిపతికి తెలియును. రంగస్థలమున తెర యున్నది. అది లేచినంతనే ఇక జరుగునది నటనయని ప్రేక్షకునకు తెలియును. ఆ తెర యుండుటవలననే ప్రేక్షకుడు నిశ్చింతగా కన్నీరు కార్చగలిగెను. నేటి ప్రచారకుడు న్యాయవాదివలె రుసుము పుచ్చుకొనును, నటునివలె కంట తడిపెట్టును. వకాల్తాను దాచును, తెరను తీసివేయును. వంచన యను మాట వాడవలసిన తావు ఇదియే.

ఇట్టి పోస్టును ఒకదానిని పట్టి పరిశీలింపవలెను. ఏ ఒక్కరి పోస్టును ఇచట ఉదాహరింపలేదు. నిత్యము కనబడు ధోరణినిబట్టి కూర్చిన నమూనా యిది: ‘హాయ్ అక్కలూ, నీ జుట్టు రహస్యం ఏంటని చాలామంది మెసేజ్ చేసి అడుగుతున్నారు. ఇన్నాళ్లూ చెప్పలేదు. మీరంతా నా ఫ్యామిలీ కాబట్టి మీకే చెబుతున్నా. నేనైతే మూడు నెలలుగా ఇదే వాడుతున్నా. స్టాక్ కొంచెమే ఉందట, ఇవాళ రాత్రి వరకే. లింక్ కింద ఉంది.’

ఇందులో అతిశయోక్తి ఒక్కటియు లేదు. ‘ప్రపంచములో మేలైనది’ అనలేదు. జుట్టు పెరుగునని కూడ అనలేదు. అయినను జీన్సు వర్తకుని కేకకంటె ఇది ప్రమాదకరము. ‘చాలామంది అడుగుతున్నారు’ అనుటలో వక్త అమ్మువారి స్థానమునుండి తప్పుకొని సమాధానము చెప్పువారి స్థానమున కూర్చుండినది. ‘ఇన్నాళ్లూ చెప్పలేదు’ అనుటచే వస్తువు రహస్యమైనది. రహస్యమునకు ధర యెక్కువ. ‘అక్కలూ’ అను సంబోధన తెలుగున ఉత్తమాట కాదు. వరుస కలిపి పిలిచినవారిని అనుమానించుట మన యిండ్లలో అమర్యాద. అక్క అని పిలిచిన పిల్లను ‘నీకెంత ముట్టినదే?’ అని యెవరడుగుదురు? ఆ మర్యాదయే ఇచట పెట్టుబడి. ‘నేనైతే’ అను మాటలోని ‘ఐతే’ మిక్కిలి నేర్పుగలది. ‘మీకు పనిచేయునని నేననలేదు, నా సంగతి చెప్పితిని’ అని రేపు తప్పుకొనుటకు ఆ రెండక్షరములు చాలును.

అన్నింటికంటె సూక్ష్మమైనది ‘ఉందట’ లోని ‘ట’. తెలుగున ఈ యొక్క అక్షరము వినికిడిని తెలుపును. చెప్పువాడు తాను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాడని దాని భావము. సరకు అమ్ముడైనకొలది తనకు వాటా వచ్చుచున్నను, సరకు సంగతి తనకు పరాయియైనట్లు, దారిన పోవుచు విని చెప్పినట్లు ఆ ‘ట’ నటించుచున్నది. వ్యాకరణము చదివినవారు కూడ దీనిని గమనింపక లింకు నొక్కుదురు.

ఈ ఆఱు వాక్యములును విడివిడిగా నిజములే కావచ్చును. మెసేజులు వచ్చియుండవచ్చును, నూనె వాడియుండవచ్చును, సరకు కొంచెమే యుండవచ్చును. అయినను ఆఱింటినుండి ‘ఇందులో నాకు వచ్చునది ఏమియు లేదు’ అను ఏడవవాక్యము వినబడుచున్నది. అది ఎచటను వ్రాయబడలేదు, చదివినవారికందఱకును వినబడినది. వాచ్యార్థమున అసత్యము లేదు, వ్యంగ్యార్థమున నున్నది. ఆనందవర్ధనుడు కావ్యమునకు ఆత్మయని పట్టాభిషేకము చేసిన ధ్వని యిచట వంచనకు పనిముట్టైనది. వాక్యమును వాక్యమును విడదీసి నిజానిజములు తేల్చు పద్ధతి ఈ రచనలయెదుట ఓడిపోవుటకు కారణము ఇదియే.

చట్టమును ఇటీవల ఈ యేడవవాక్యమునే పట్టుకొనజూచుచున్నది. భారత ప్రకటనా ప్రమాణమండలి 2021లో ఇన్‌ఫ్లుయెన్సరులకు నియమములు చేసి ప్రతిఫలసంబంధమును తెలుపుమనెను. కాని ఆ మండలి ప్రకటనదారులు తమకుతాము ఏర్పఱచుకొన్న సంస్థ. 2019 వినియోగదారుల రక్షణచట్టము క్రింద వెలసిన కేంద్రాధికారసంస్థ 2022 జూన్ 9న తప్పుదారి పట్టించు ప్రకటనలపై మార్గదర్శకములు వెలువరించెను. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారములశాఖ మఱికొంత వివరముగా చెప్పెను: సొమ్మేకాదు, ఉచితముగా పొందిన వస్తువు, ప్రయాణము, తగ్గింపు, బంధుత్వముకూడ తెలుపవలసిన సంబంధములే, వస్తువును తాను వాడియుండవలెను. తప్పుదారి పట్టించినవారికి 10 లక్షలు, మరల చేసినచో 50 లక్షలవఱకు జరిమానా. మెచ్చుకొనినవారిని ఒక యేడాది, పిదప మూడేండ్లవఱకు ప్రకటనలనుండి నిషేధింపవచ్చును. మన కవులు మర్యాదగా పాటించిన అవతారికను ప్రభుత్వము జరిమానాతో తెప్పించుకొనుచున్నది.

అవతారిక యున్నంతమాత్రమున పోస్టు నిర్దోషమగునా? కాదు. ఈ విషయమున నియమములను మెచ్చుకొనువారు తొందరపడరాదు. ‘ఇది చెల్లింపు ప్రచారము’ అని స్పష్టముగా వ్రాసి, దాని క్రింద ఒక తల్లి తన బిడ్డ తరగతిలో వెనుకబడుట చూచి కుములుచున్నట్లు, ఏదో పొడి పాలలో కలిపి యిచ్చినపిదప ఆ బిడ్డ ముందువరుసకు వచ్చినట్లు చూపిన వీడియోను తలచుకొనుడు. దాపరికము లేదు, కాని వత్తిడి యున్నది. తల్లి భయమును పట్టి లాగుచున్నారు. ‘నీవు కొనకున్నచో నీ బిడ్డ వెనుకబడును, ఆ తప్పు నీది’ అనునది ఇచటి యేడవవాక్యము. తగిన శాస్త్రీయాధారము లేక తెలివి పెరుగునని పిల్లలకుద్దేశించిన ప్రకటనలలో చెప్పరాదని 2022 మార్గదర్శకములు నిషేధించుటకు హేతువిదే. ఇంకను పాతదగు 1954 నాటి మందులు, మాంత్రికచికిత్సల చట్టము మధుమేహము, స్థూలకాయము, దేహపు ఎత్తు మొదలగువానికి మందు కలదని ప్రకటించుటనే నేరము చేసినది. ఆ జాబితాను చూచినవారికి అది వట్టి రోగముల జాబితాగా తోచదు. మనుష్యుడు సిగ్గుపడు తావులు, భయపడు తావులు అందు వరుసగా కనబడును. డెబ్బదియేండ్ల క్రిందట శాసనకర్తలు గుర్తించిన ఆ తావులనే నేటి పోస్టులును వెదకి పట్టుకొనుచున్నవి.

వత్తిడిలో రెండవది కాలము. ‘ఇవాళ రాత్రి వరకే’, ‘ఇంక మూడు ప్లాట్లు మాత్రమే’ అను మాటలకు వస్తుగుణముతో సంబంధము లేదు. అవి చదువరి ఆలోచించుకొను గడువును హరించును, అంతియే. 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకములు పదుమూడు కపటపద్ధతులను పేర్కొన్నవి. అందు మొదటిది ఈ బూటకపు తొందరయే. మాఱువేషపు ప్రకటనయు ఆ పట్టికలో నున్నది. ఇంటిస్థలముల పోస్టులకు మాత్రము చదువరిచేత ఒక చక్కని గీటురాయి కలదు. 2016 నాటి స్థిరాస్తి చట్టముక్రింద నమోదు కావలసిన ప్రతి వెంచరుయొక్క ప్రకటనలోను ఆ నమోదుసంఖ్యను ప్రముఖముగా చూపవలెను. అయిదువందల చదరపు మీటర్లు మించిన లేఅవుటును మెచ్చుకొనుచు, సూర్యోదయమును చూపి, ఆలయగోపురమును చూపి, సంఖ్యను చూపని వీడియోను మొదటి నిమిషముననే కట్టివేయవచ్చును. ఇచట విమర్శకు పెద్దపని లేదు.

ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. ఇంటనుండి చీరలు, పచ్చళ్లు అమ్ముకొని బ్రదుకు స్త్రీలు వేలమంది కలరు. వారికి ఈ నియమములన్నియు గుదిబండలు కావా యని కొందఱందురు. కావు. తన చీరను తాను మెచ్చుకొను స్త్రీ జీన్సు వర్తకునివలె అమ్మువారి స్థానమున నిలిచియే మాటాడుచున్నది. ఆమె ‘అక్కా’ అని పిలిచినను అది అంగడిలోని అక్కా, వినువారికి తెలియును. ఆమెకు వేఱే అవతారిక అక్కఱలేదు, ఆమె పేరే అవతారిక. మఱియు, ఒక వస్తువును నిజముగా ఇష్టపడి, ఏమియు పుచ్చుకొనక మెచ్చుకొనువారును కలరు. వారి మాటకు విలువ తగ్గుచున్నదన్నచో దానికి కారకులు నియమము చేసినవారు కారు, సొమ్ము పుచ్చుకొని వారి గొంతును అరువు తెచ్చుకొనినవారు. కల్తీనూనె అంగడికి వచ్చినపుడు మొదట నష్టపోవువాడు గానుగ నాడించు మంచి వర్తకుడే గదా!

ఇక మొదట ఆపిన మాటకు రావలెను. ప్రకటనలోని షరతు లేక వివరణ, ఆ ప్రకటన ఏ భాషలో నున్నదో ఆ భాషలోనే యుండవలెనని 2022 మార్గదర్శకములు శాసించినవి. చదువుటకు ఇది సామాన్యవాక్యము. సరిహద్దు జిల్లాలో నిలిచి చదివినచో దీని బరువు తెలియును. హైదరాబాదులోనో, విజయవాడలోనో తయారైన తెలుగు వీడియో బళ్లారిలోని తెలుగింటికి ఏ యడ్డంకియు లేక చేరును. ‘అక్కలూ’ అను పిలుపు ఇచటి యువతికి ఇంటిపిలుపువలెనే వినబడును. చుట్టును కన్నడము వినబడుచున్నపుడు తన భాషలో పలుకరించినవారిపై మనసు మఱికొంత మొగ్గుట సహజము. ప్రశంస ఆమెకు తెలుగున, చెవిద్వారా చేరినది. ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ అను నాలుగు చిన్న యక్షరములు మాత్రము ఆంగ్లమున, తెరమూల, కంటిద్వారా చేరవలసియున్నది. సామాన్యముగా చేరదు. కర్ణాటక ప్రభుత్వపు హెచ్చరిక కన్నడమున వచ్చును. ఆమె చూచు వీడియో తెలుగున నుండుటచే ఆ హెచ్చరిక తన వీడియోను గూర్చినదని ఆమెకు తోచకపోవచ్చును. హైదరాబాదు పోలీసువారి తెలుగు హెచ్చరిక వేఱు రాష్ట్రపు వార్తగా గడచిపోవును. సైబరు నేరములకు 1930, వినియోగదారుల ఫిర్యాదులకు 1915 అను సంఖ్యలు దేశమంతటికిని చెల్లునవియే. ఆ సంగతి ఈ యిండ్లలో ఇంకను తెలియవలసియున్నది.

ఇంకొక చిక్కు కలదు. నియమము భాషను పేర్కొన్నదికాని లిపిని పేర్కొనలేదు. బళ్లారిలో తెలుగు మాటాడి, కన్నడమున చదువుకొనిన తరములు రెండు మూడు గడచినవి. వారిలో పలువురు తెలుగు విందురు, పలుకుదురు, తెలుగక్షరము గుర్తుపట్టలేరు. కన్నడలిపికి తోబుట్టువగుటచే కొంత కూడబలుకుకొని చదువువారును కలరు. పరుగెత్తు వీడియోలో కూడబలుకుకొను తీఱికయెక్కడిది? తెలుగు లిపిలో, పెద్ద యక్షరములలో ‘ప్రకటన’ అని వ్రాసినను నియమము నెఱవేఱును, వారికి మాత్రము తెలియదు. వీడియోలో ప్రతిఫలసంబంధమును వ్రాతగనే కాక మాటగను తెలుపుమని 2023 జనవరి సూచనలు చెప్పినవి. తక్కిన ప్రాంతములలో అది ఒక అదనపు జాగ్రత్త. బళ్లారి, సిరుగుప్పలలోని తెలుగువారికి ఆ నోటిమాట యొక్కటే అవతారిక. ప్రశంసించిన గొంతే, అదే తెలుగున, ‘ఇందుకు నాకు సొమ్ము ముట్టినది’ అని వినబడునట్లు పలికినదా లేదా అనునది ఈ సీమలో ఒక వీడియోనుగూర్చి మొదట అడుగవలసిన ప్రశ్న.